గాల్లో మూడున్నర చుట్లు: ఎవరు బాగా దూకారు?

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయం నెలవారీ సభలో, విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? సరే.

కార్యదర్శిగారు ఫోన్ చేసి ఈ నెల మీరు మాట్లాడాలి అన్నప్పుడు, నాకిప్పుడు తెలిసిందల్లా మంచు మీద గెంతడం గురించేనండీ, మన ఊళ్ళో ఎవరు వింటారు అన్నాను. "హాల్లో ఏసీ పోయింది మేడమ్, మీరు మంచు గురించి చెబితే జనానికి కాస్త చల్లగా ఉంటుంది" అన్నారాయన. (నవ్వులు)

నేను జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. భ్రమణ చలనం పాఠం వచ్చినప్పుడల్లా కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వానికి ఒకటే ఉదాహరణ: మంచు మీద తిరుగుతున్న స్కేటర్ చేతులు దగ్గరికి లాక్కుంటే వేగం పెరుగుతుంది. ఆ వాక్యం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో లెక్క లేదు. స్కేటర్‌ని కళ్ళతో చూసింది మాత్రం రిటైరయ్యాక, టొరంటో దగ్గర మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడే. మనవరాలు స్కేటింగ్ నేర్చుకుంటోంది. పొద్దున్న ఆరింటికి క్లాసు. తల్లీతండ్రీ ఉద్యోగాలకి పరుగులు, కాబట్టి ఆ డ్యూటీ నాకు పడింది. స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద కోటు, చేతిలో ఫ్లాస్కు. అలా నాలుగు శీతాకాలాలు గడిచాయి.

మొదటి ఏడాది ఓ చిన్న పోటీ జరిగింది. ఓ పిల్ల గాల్లోకి లేచి గిర్రున తిరిగి, కింద పడకుండా నిలబడింది. నేను చప్పట్లు కొట్టేశాను. చుట్టూ చూస్తే నేనొక్కదాన్నే. పక్కన కూచున్న ఇంకో పిల్ల తల్లి మెల్లిగా, "పాపం, పావు చుట్టు తగ్గిందండీ" అంది. పావు చుట్టా! అంత వేగంలో పావు చుట్టు ఈవిడకి ఎలా కనపడిందా అనుకున్నాను. "ఆంటీ, మీరు మొహం చూస్తున్నారు. పాదం చూడండి" అంది. ఈ రోజు నేను మీకు చెప్పబోయేదంతా ఆ మాటకి వ్యాఖ్యానమే అనుకోండి.

ఫిగర్ స్కేటింగ్‌లో ప్రధానంగా ఆరు గెంతులున్నాయి. టో లూప్, శాల్కో, లూప్, ఫ్లిప్, లుట్జ్, యాక్సెల్. మొదటి అయిదింటినీ వెనక్కి జారుతూ మొదలుపెట్టి, వెనక్కి జారుతూనే ముగిస్తారు. యాక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ లేవాలి, దిగడం మాత్రం వెనక్కే. అందుకని అందులో ఎప్పుడూ ఓ అర చుట్టు ఎక్కువ. సింగిల్ యాక్సెల్ అంటే ఒకటిన్నర, డబుల్ అంటే రెండున్నర, ట్రిపుల్ అంటే మూడున్నర చుట్లు. ఎవరు బాగా చేశారని ఇవాళ మనం చూడబోయేది ముఖ్యంగా ఈ ట్రిపుల్‌నే. ఆక్సెల్ పాల్సెన్ అనే నార్వే ఆయన 1882లో వియన్నాలో మొదటిసారి చేశాడు, ఆయన పేరే దానికి పెట్టారు. విచిత్రమేమిటంటే ఆయన కాళ్ళకున్నవి స్పీడ్ స్కేట్లట. డబుల్ చేయడానికి 1948 దాకా పట్టింది, అమెరికాకి చెందిన డిక్ బటన్ సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో చేశాడు. ట్రిపుల్ 1978లో ఒట్టావాలో, కెనడా కుర్రాడు వెర్న్ టేలర్. ఒక్కో చుట్టు పెంచడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి.

మా మనవరాలికి సింగిల్ యాక్సెల్ రావడానికే పద్నాలుగు నెలలు పట్టింది. ముందుకి చూస్తూ లేవడమంటే ఏమీ కనపడని గుంటలోకి దూకినట్టుంటుంది అమ్మమ్మా అనేది. రోజూ తుంటి మీద నీలం మచ్చలే.

ఇప్పుడు కాస్త ఫిజిక్స్. భయపడకండి, పరీక్ష పెట్టను.

బొంగరం తెలుసుగా. తాడు చుట్టి విసిరినప్పుడు, చెయ్యి వదిలే క్షణానికే దాని తిరుగుడంతా అందులో చేరిపోయి ఉంటుంది. వదిలాక గాల్లో ఎవరూ కొత్తగా కలపలేరు. స్కేటర్ కూడా అంతే. పాదం మంచుని వదిలేలోపే కోణీయ ద్రవ్యవేగం మొత్తం సంపాదించేసుకోవాలి. గాల్లో తన చేతిలో ఉన్నది ఒక్కటే: ఒంటిని సన్నగా ముడుచుకోవడం. చేతులు ఛాతీకి, కాలి మీద కాలు. అప్పుడు సెకనుకి అయిదు చుట్ల వేగం వస్తుంది.

ఎంతసేపు గాల్లో ఉంటారు? ఎత్తుని బట్టి. నలభై సెంటీమీటర్లు లేస్తే 0.57 సెకన్లు. యాభై అయితే 0.64. అరవై అయితే 0.70. అంటే పది సెంటీమీటర్లు ఎక్కువ ఎగిరితే దక్కేది సెకనులో వందో వంతులు ఆరో ఏడో. అంతేనా అనిపిస్తుంది. కానీ సెకనుకి అయిదు చుట్ల లెక్కన ఆ ఆరు వంతుల్లో దాదాపు మూడో వంతు చుట్టు తిరిగిపోతుంది. పావు చుట్టు తగ్గితేనే మార్కులు కోసే ఆటలో మూడో వంతు చుట్టంటే ఆస్తి కిందే లెక్క.

అందుకని రెండు దారులు. ఒకటి, బాగా ఎత్తుకి లేచి తీరిగ్గా తిరగడం. రెండోది, కొంచెమే లేచి అతి వేగంగా తిరగడం. మార్కుల కాగితం మీద రెంటికీ పేరు ఒకటే, ట్రిపుల్ యాక్సెల్. చూసేవాళ్ళకి మాత్రం అవి రెండు వేరు వేరు గెంతులు. నా మటుకు నాకు మొదటిదే ఇష్టం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత పక్షపాతం అనకండి.

ఇంకో మెలిక ఉంది. మూడున్నర చుట్లూ గాల్లోనే తిరుగుతారనుకుంటాం. నిజానికి లేచేటప్పుడు పాదం మంచు మీద ఉండగానే కొంత తిరిగిపోతుంది. అది అందరికీ ఉండేదే, తప్పు కాదు. మరీ ఎక్కువైతే మాత్రం అది గెంతు కాదు, గెంతినట్టు నటన. దిగేటప్పుడు కూడా అంతే. చుట్టు పూర్తి కాకుండా దిగితే మిగిలిన భాగం బ్లేడు మంచు మీద గీరుకుంటూ పూర్తి చేస్తుంది. మంచు సాపు చేసే బండి, జాంబోనీ అంటారు, అది రాకముందు రింకు, అంటే ఆ మంచు మైదానం, అంచున నిలబడి చూస్తే తెలిసిపోతుంది. మంచి ల్యాండింగ్ పొడుగాటి వంపు గీత గీస్తుంది, ముగ్గులో మెలిక లాగా. పూర్తికాని ల్యాండింగ్ మొదట్లో చిన్న కామా లాంటి కొక్కెం వేసి అప్పుడు సాగుతుంది. నాకు రెండో శీతాకాలానికి గెంతు చూడకుండా గీత చూసి చెప్పడం వచ్చింది. ఇది కొంచెం గొప్పలు చెప్పుకోవడమేలెండి. (నవ్వులు)

మార్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్రిపుల్ యాక్సెల్‌కి ఇప్పుడు మూల విలువ 8.00. దాని మీద జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు, ఒక్కో మెట్టు మూల విలువలో పది శాతం. అన్నీ కుదిరితే 12.00 దాకా వెళ్ళచ్చు. పావు చుట్టు కంటే ఎక్కువ, అర చుట్టు లోపు తగ్గితే మూల విలువలో ఎనభై శాతమే, అంటే 6.40. అర చుట్టు, ఆపైన తగ్గితే దాన్ని డబుల్ కింద లెక్కేస్తారు, 3.30. చుట్లన్నీ పూర్తయ్యాక పడిపోతే మైనస్ 5 కింద నాలుగు పాయింట్లు పోతాయి, పడినందుకు ఇంకో పాయింటు. మిగిలేది 3.00. మామూలుగా చేసిన డబుల్ యాక్సెల్‌కి 3.30 వస్తుంది. పులి మీద స్వారీ చేసి పడినవాడికంటే మేక మీద కూచున్నవాడికి ముప్ఫై పైసలు ఎక్కువ.

ఈ పద్ధతి 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ మీద పెద్ద రభస జరిగాక వచ్చింది. అంతకుముందు ప్రదర్శన మొత్తానికీ కలిపి ఆరుకి మార్కులు. ఒక్కో గెంతుకీ విడిగా అంకె లేదు, స్లో మోషన్‌లో పాదం కోణం చూసే ప్యానెల్ లేదు. అందువల్ల నాటివాళ్ళనీ నేటివాళ్ళనీ పోల్చాలంటే పట్టికలు పనికిరావు. వీడియో పెట్టుకుని మన కళ్ళతో చూసుకోవాల్సిందే. నేను అదే చేశాను. మా అల్లుడు నన్ను పరిశోధక విద్యార్థి అనేవాడు.

మిడోరి ఇటో. జపాన్‌లో నగోయా అమ్మాయి. ఎత్తు 145 సెంటీమీటర్లు, మన ఎనిమిదో తరగతి పిల్లంత. పోటీల్లో ట్రిపుల్ యాక్సెల్ చేసిన మొదటి మహిళ, 1988లో. మరుసటి ఏడాది పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ చేసి, టైటిల్ గెలిచింది. ఆ వీడియోని ఎన్నిసార్లు చూశానో. మంచి వేగంతో వస్తుంది, కుడి మోకాలు పైకి విసురుతుంది, లేస్తుంది... లేస్తూనే ఉంటుంది. పైకి వెళ్ళాక ఒళ్ళు ముడుచుకుంటుంది, దిగేముందు విప్పుకుంటుంది. గాల్లో విప్పుకోవడానికి టైమ్ ఉందంటే ఎంత ఎత్తుందో ఆలోచించండి. దిగాక వేగం తగ్గదు. ఇంటికొచ్చిన చుట్టం చెప్పులు విడిచి లోపలికి నడిచినంత సహజంగా వెనక్కి జారిపోతుంది.

ఆమె గెంతుల పొడుగెంతో తెలియాలంటే 1991 మ్యూనిక్ ప్రపంచ పోటీ చూడాలి. గోడకి దగ్గరగా గెంతు మొదలుపెట్టింది. టీవీ కెమెరా కోసం గోడలో కొంత మేర ఖాళీ వదిలారు. ఆ ఖాళీలోంచి రింకు బయట పడింది! వెంటనే లేచి, లోపలికొచ్చి, మిగిలింది పూర్తి చేసింది. నవ్వు మొహంతో. రింకే ఆ పిల్లకి సరిపోలేదు.

పోటీలో రెండు భాగాలుంటాయి, ముందు చిన్నది షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పెద్దది ఫ్రీ స్కేట్. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ఫ్రీ స్కేట్ మొదట్లో యాక్సెల్ వేసి పడిపోయింది. ఎవరైనా అక్కడితో ఆపేస్తారు. ఈమె ప్రదర్శన చివర్లో, కాళ్ళలో శక్తి అయిపోయే వేళ, మళ్ళీ వేసింది. నిలబడింది. ఒలింపిక్స్‌లో ఓ మహిళ నిలబడ్డ మొదటి ట్రిపుల్ యాక్సెల్ అది. వెండి పతకం వచ్చింది. బంగారం ఆ గెంతు చేయని క్రిస్టీ యమగూచీకి వెళ్ళింది. ఈ తీరు మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

టోన్యా హార్డింగ్ పేరు చెప్పగానే 1994 గొడవే, అదే తోటి స్కేటర్ నాన్సీ కెరిగన్ మీద దాడి గొడవే, గుర్తొస్తుంది అందరికీ. దాన్ని పక్కన పెట్టండి. 1991లో మినియాపొలిస్‌లో అమెరికా జాతీయ పోటీలో ఆమె వేసిన ట్రిపుల్ యాక్సెల్ చూడండి, అమెరికా మహిళల్లో అదే మొదటిది. ఇటోది బంతి ఎగిరినట్టుంటే, హార్డింగ్‌ది స్ప్రింగు వదిలినట్టుంటుంది. బలమంతా తొడల్లో. లేచే ముందు మోకాలు ఎంత లోతుగా వంచుతుందో! దిగీదిగగానే ఆ పిల్ల మొహంలో సంతోషం, చేతులు ఊపడం... జడ్జీలకి అలాంటివి అంతగా నచ్చవంటారు. నాకు నచ్చింది. ఆ ఏడాదే స్కేట్ అమెరికా పోటీలో ఒకే పోటీలో రెండుసార్లు చేసింది. తర్వాత ఆ గెంతు ఆమె చేతిలోంచి జారిపోయింది. ఇది కూడా యాక్సెల్ లక్షణమే. సైకిల్ తొక్కడం లాంటిది కాదది, ఒకసారి వస్తే ఉండిపోవడానికి. ఒళ్ళు కాస్త మారినా పోతుంది.

మావో అసాదా. ఈమెదీ నగోయానే. ఇటోకి నేర్పిన మచికో యమదా దగ్గరే ఈమె కూడా చిన్నప్పుడు నేర్చుకుంది. కానీ గురువు ఒకరైనా గెంతు వేరు. అసాదా ఇటో అంత ఎత్తు లేవదు. సన్నగా, దారప్పోగులా చుట్టుకుపోతుంది. నేను చెప్పిన రెండో దారి. ఆ దారిలో తప్పుకి చోటు తక్కువ. అందుకే వేరే పోటీల్లో చాలాసార్లు ప్యానెల్ వాళ్ళు చుట్టు పూర్తి కాలేదని గుర్తు పెట్టారు.

2010 వాంకూవర్‌లో మాత్రం షార్ట్ ప్రోగ్రామ్‌లో ఒకటి, ఫ్రీ స్కేట్‌లో రెండు, మూడింటికి మూడూ చెల్లాయి. ఒకే పోటీలో మూడు ట్రిపుల్ యాక్సెల్‌లు చేసిన మొదటి మహిళ. అయినా వెండే. బంగారం కొరియా అమ్మాయి యునా కిమ్‌ది, 228.56 పాయింట్లతో. అసాదాకి 205.50.

ఇదన్యాయం అని అప్పట్లో చాలామంది వాదించారు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. తర్వాత లెక్క చూశాను. అప్పటి పట్టికలో ట్రిపుల్ యాక్సెల్ 8.2, దాని వెంటనే జోడీగా వేసిన డబుల్ టో లూప్ 1.3 కలిపితే 9.5. కిమ్ చేసింది ట్రిపుల్ లుట్జ్, ట్రిపుల్ టో లూప్ జోడీ. 6.0, 4.0, మొత్తం 10.0. అంటే యాక్సెల్ లేకుండానే ఆమె జోడీ విలువ ఎక్కువ! పైగా ఆ లుట్జ్‌కి ఆమె వచ్చే వేగం, దాటే దూరం, దిగాక గీత... వాటికి జడ్జీలు పైన వేసిన మార్కులు. అసాదా వేరే గెంతుల్లో తడబడింది కూడా. కాబట్టి ఓటమి అన్యాయమని ఇప్పుడు అనను. పట్టిక మాత్రం సాహసానికి తక్కువ వెల కట్టిందని అంటాను. ఇంకో తమాషా, కిమ్ కోచ్ బ్రయాన్ ఓర్సర్. 1984 సరయేవోలో ఒలింపిక్స్‌లో మొదటి ట్రిపుల్ యాక్సెల్ చేసి, మిస్టర్ ట్రిపుల్ యాక్సెల్ అని పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన శిష్యురాలు ఆ గెంతు లేకుండానే బంగారం కొట్టింది.

అసాదా గురించి ఇంకొక్కటి. 2014 సోచీలో షార్ట్ ప్రోగ్రామ్‌లో యాక్సెల్ మీద పడి పదహారో స్థానానికి దిగజారింది. పతకం ఆశ పోయింది. మర్నాడు ఫ్రీ స్కేట్ మొదటి గెంతు మళ్ళీ అదే. లేచింది, తిరిగింది, దిగింది. 142.71 పాయింట్లు, ఆమె జీవితంలో అత్యుత్తమం. చివరికి ఆరో స్థానం. ఆ వీడియో చివర్లో ఆమె ఏడుస్తుంది, మా ఇంట్లో నేనూ. (నవ్వులు) గొంతు... ఒక్క నిమిషం, మంచినీళ్ళు.

సరే. ఇప్పుడు మగవాళ్ళలో ఒక్కరి గురించే చెప్తాను. యుజురు హన్యూ, 2014లోనూ 2018లోనూ ఒలింపిక్ బంగారం. ట్రిపుల్ యాక్సెల్ వేసే ముందు మామూలుగా స్కేటర్లు ఏం చేస్తారంటే, వెనక్కి పొడుగ్గా జారుతూ కాసేపు ఆగుతారు. చేతులు సర్దుకుంటారు. ఊపిరి పీల్చుకుంటారు. అదిగో దూకబోతున్నాడు అని చూసేవాడికి రెండు సెకన్ల ముందే తెలిసిపోతుంది. బస్సు స్టాపు రాకముందే కండక్టర్ కేకేసినట్టు. హన్యూ ఆ కేక తీసేశాడు. బ్యాక్ కౌంటర్ అని ఓ కష్టమైన మలుపుంది, వెనక్కి జారుతూ ఒంటికాలి అంచు మీదే ముందుకి తిరిగేది. దాన్లోంచి సరాసరి యాక్సెల్‌లోకి లేస్తాడు. ఆ మలుపు ఒక్కటి చేయడానికే మా మనవరాలి తోటి పిల్లలు మూడేసి నెలలు కుస్తీ పట్టేవాళ్ళు. మరికొన్ని ప్రదర్శనల్లో దిగీదిగగానే, ఊపిరైనా తీసుకోకుండా, ఒంటికాలి మీద గిరగిర తిరుగుతూ ముందుకెళ్ళే ట్విజుల్ వేస్తాడు. దిగేటప్పుడు ఒంటి బరువు ఏమాత్రం పక్కకున్నా అది కుదరదు. అంటే ఆ ట్విజులే ల్యాండింగ్ బాగుందనడానికి సాక్ష్యం.

నన్నడిగితే ఎత్తుకి ఇటో, అల్లికకి హన్యూ. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే రోజుని బట్టి మారుతుంది నా జవాబు.

ఆ హన్యూనే 2022 బీజింగ్‌లో నాలుగున్నర చుట్ల క్వాడ్ యాక్సెల్‌కి దిగాడు. చుట్టు కాస్త తగ్గింది, పడిపోయాడు. లెక్క కట్టండి. మూల విలువ 12.50, అందులో ఎనభై శాతం 10.00, పడినందుకు సగం పోయి 5.00, ఇంకో పాయింటు కోత. నాలుగు మిగిలింది. అదే చోట తనకి నీళ్ళు తాగినంత తేలికైన ట్రిపుల్ వేసుకుంటే పన్నెండు దాకా వచ్చేది. నాలుగో స్థానంలో ఆగాడు. అదే ఏడాది సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో పదిహేడేళ్ళ అమెరికా కుర్రాడు ఇల్యా మాలినిన్ దాన్ని పూర్తిగా తిరిగి, శుభ్రంగా దిగాడు. అతని అమ్మానాన్నా ఇద్దరూ ఉజ్బెకిస్తాన్ తరఫున ఆడిన స్కేటర్లే.

మన వైపు దీనికి సంబంధం లేదా అంటారేమో. మంచు లేదు గానీ చక్రాలున్నాయి. హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కంచు పతకాలు తెచ్చాడు. అందులోనూ యాక్సెల్ ఉంది, అదే ముందుకి లేవడం, అదే అర చుట్టు అదనం. కాకపోతే కాళ్ళకి చక్రాల బరువు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(సభలోంచి ఒక ప్రశ్న: మేడమ్, నాలుగున్నర తిరిగినవాడు మూడున్నర తిరిగినవాడికంటే గొప్పే కదా?)

ఎక్కువ కష్టమైంది చేసినవాడు అతనే, అవునండీ. కానీ మీరు కచేరీకి వెళ్తారుగా. ఎవరు ఎక్కువ పై స్థాయికి వెళ్ళి పాడారన్నది ఒక లెక్క, ఆ స్వరం మీద ఎంత హాయిగా నిలిచారన్నది ఇంకో లెక్క. మాలినిన్ క్వాడ్ యాక్సెల్ చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. ఇటో ట్రిపుల్ చూస్తే వెనక్కి తిప్పి మళ్ళీ చూడాలనిపిస్తుంది. పట్టికలో మొదటిదానికి ఎక్కువ ఉండటం సబబే.

(ఇంకో ప్రశ్న, ముందు వరసలోని ఒక అమ్మాయి: టీవీలో చూస్తుంటే అందరూ ఒకేలా కనిపిస్తారు ఆంటీ. ఎక్కడ చూడాలి?)

మంచి ప్రశ్నమ్మా. మూడుసార్లు చూడు. మొదటిసారి గాల్లోకి అసలు చూడకు, లేచే ముందు ఎంతసేపు ఆగారో చూడు. రెండోసారి దిగే పాదం ఒక్కటే చూడు. స్లో మోషన్ వేసినప్పుడు బ్లేడు మంచుని తాకిన క్షణాన అది ఏ దిక్కుకుందో కనపడుతుంది. కెమెరా వెనకుందా పక్కనుందా అన్నదాన్ని బట్టి కొన్నిసార్లు కనపడదు కూడా, అప్పుడు ప్యానెల్ వాళ్ళని తిట్టకు. మూడోసారి దిగాక రెండు సెకన్లు చూడు. వేగం ఉందా, చచ్చిపోయిందా అని. మధ్యలో తిరగడం అందరికీ ఒకేలా ఉంటుంది, కంటికి ఆనదు.

(మరో ప్రశ్న: మీ మనవరాలు ఇప్పుడు ఏ యాక్సెల్ చేస్తోంది?)

మానేసిందండీ. పోయిన ఏడాది నుంచి వాలీబాల్. (నవ్వులు) నేనే ఇంకా చూస్తున్నాను.